గోడలు మాత్రం మిగిలాయి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేసి చూడమని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. నిజానికి కష్టమంతా అక్కడే ఉంది. కొత్త ఇంటికి ఖాళీ స్థలం ఉంటుంది, చేతిలో ప్లాను ఉంటుంది. పాత ఇంటికి ఆ సౌకర్యం లేదు. గోడ పగలగొట్టి చూసేదాకా లోపల ఏముందో తెలీదు. ఎప్పుడో ఎవరో వేసిన పైపు, ఎవరో తీసేసిన దూలం, ఎవరో పూడ్చేసిన గూడు ఒక్కొక్కటే బయటపడుతూ ఉంటాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న ప్రశ్న కొత్త ఇల్లు కట్టేవాడికి ఎదురుకాదు. పాత ఇంటిని బాగుచేసేవాడికి అది రోజూ పొద్దున్నే ఎదురవుతుంది.

ఈ ప్రశ్నకి ఒక దేశమంతా కూర్చుని, చట్టం చేసి, కమిటీ వేసి, డబ్బు కేటాయించి జవాబు వెతికిన సందర్భం ఒకటుంది. 1948 నుంచి 1952 దాకా సాగిన వైట్‌హౌస్ మరమ్మతు అది. మరమ్మతు అనే మాట దానికి చాలదు. ఇవాళ మనం టీవీలో చూసే వైట్‌హౌస్ ప్రధాన భవనంలో బయటి రాతి గోడలు 1790లవి, 1810లవి. వాటి లోపల ఉన్నదంతా 1950ల నాటి ఉక్కు, కాంక్రీటు. గోడల్ని నిలబెట్టి ఉంచి, లోపలున్న ఇంటిని మొత్తం తోడేసి, అదే చోట కొత్త ఇల్లు కట్టారు. ఆ పని ఎంత బాగా జరిగిందో, అందులో ఏం పోయిందో రెండూ కలిపి చూస్తేనే ఆ కథలో మనకి పనికొచ్చేది దొరుకుతుంది.

*

ముందు ఆ ఇల్లు ఎలా పాడైందో చూడాలి.

వైట్‌హౌస్‌కి 1792లో శంకుస్థాపన జరిగింది. ప్లాను వేసింది ఐర్లండ్ నుంచి వలస వచ్చిన జేమ్స్ హోబన్. 1800 నవంబర్‌లో రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ అందులో చేరేనాటికి ఇల్లు ఇంకా పూర్తి కాలేదు. 1814 ఆగస్టు 24న బ్రిటిష్ సైన్యం దానికి నిప్పు పెట్టింది. లోపలంతా కాలిపోయింది, రాతి గోడలు మిగిలాయి. వాటిలోనూ చాలా భాగం విప్పి తిరిగి కట్టాల్సి వచ్చింది. మళ్లీ హోబనే కట్టాడు. 1817లో జేమ్స్ మన్రో కాపురానికి వచ్చాడు.

ఆ తర్వాత వందేళ్లకి పైగా ఆ ఇంట్లో మనం ‘ఆల్టరేషన్’ అని పిలుచుకునే పనులు ఆగకుండా జరుగుతూ వచ్చాయి. 1833లో నీళ్ల పైపులు వచ్చాయి. 1848లో గ్యాసు దీపాలు. 1891లో కరెంటు. కరెంటొచ్చిన కొత్తల్లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ కుటుంబం షాక్ కొడుతుందన్న భయంతో స్విచ్చులు ముట్టుకునేది కాదని, ఆ వైరింగ్ పనికే వచ్చి అక్కడే ఉద్యోగిగా ఉండిపోయిన ఐక్ హూవర్ తర్వాత రాసుకున్నాడు. వచ్చిన ప్రతి సదుపాయానికీ ఎక్కడో ఒక గోడకి గాడి కొట్టాలి, ఎక్కడో ఒక దూలానికి బెజ్జం పెట్టాలి. పాత పైపు పనికిరాకుండా పోతే దాన్ని అలాగే వదిలేసి పక్కన ఇంకో గాడి కొట్టారు.

1902లో థియొడోర్ రూజ్‌వెల్ట్ వచ్చాక పెద్ద పని జరిగింది. న్యూయార్క్‌లో ఆరోజుల్లో పేరు మోసిన మెకిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థ చేతికి ఇల్లు అప్పజెప్పారు. ఆఫీసులు పడమటి వైపు కొత్త కట్టడంలోకి వెళ్లాయి, అదే తర్వాత వెస్ట్ వింగ్ అయింది. విందుల గది చిన్నదిగా ఉందని పక్కనున్న మెట్లు తీసేసి, బరువు మోస్తున్న ఒక గోడ కూడా తీసేసి గది పెంచారు. కొన్ని నెలల్లో పని అయిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. 1927లో కాల్విన్ కూలిడ్జ్ హయాంలో పైకప్పు పాడైందని విప్పి, పాత చెక్క స్థానంలో ఉక్కు, కాంక్రీటుతో మూడో అంతస్తు, కొత్త కప్పు వేశారు. కింద ఉన్నవేమో మెత్తటి మట్టి మీద చాలీచాలని పునాదులతో నిలబడ్డ ఇటుక గోడలు, నూరేళ్లు దాటిన చెక్క దూలాలు. ఇప్పుడు వాటి నెత్తిన మరింత బరువు పడింది.

వీళ్లలో ఎవరూ ఇంటిని పాడుచేద్దామని చేయలేదు. పైపు వేసినవాడు పైపు బాగానే వేశాడు, విందు గది పెంచినవాడు గది అందంగానే పెంచాడు. ఎవరికి వాళ్లు తమ పని వరకు చూసుకున్నారు. ఇంటి మొత్తం బరువు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతోందో లెక్క పెట్టే మనిషి ఒక్కడూ లేడు. ముందు చేసిన పని తర్వాత చేసేవాడికి తెలిసే కాగితమూ లేదు. వంటిల్లు, హాలు కలిపేద్దాం, మధ్యలో ఆ గోడెందుకు అని ఫ్లాట్లలో తేలిగ్గా అనేసుకునే మనకి ఇది కొత్త కథేం కాదు.

*

1945 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చనిపోయాక హ్యారీ ట్రూమన్ అధ్యక్షుడయ్యాడు. ఆ ఇంట్లోకి చేరినప్పటి నుంచి ఏదో తేడాగా ఉంది. జనం నడిస్తే నేల ఊగేది. పైన ఎవరైనా అడుగులు వేస్తే కింద గదిలో షాండ్లియర్ గలగలలాడేది. స్నానాల గదిలో తొట్టి కిందికి దిగుతున్నట్టు కనిపించేది. ఇల్లంతా రాత్రిళ్లు చప్పుళ్లు చేస్తుంటే దయ్యాలున్నాయని ట్రూమన్ ఉత్తరాల్లో సరదాగా రాసేవాడు.

ఇంత జరుగుతున్నా ఆయన ముందుగా చేయించిన పని దక్షిణం వైపు స్తంభాల వెనక రెండో అంతస్తులో ఒక బాల్కనీ. సాయంత్రం పూట కూర్చోవడానికి బావుంటుందని ఆయన ఉద్దేశం. ఇలాంటి విషయాల్లో సలహా ఇవ్వాల్సిన ఫైన్ ఆర్ట్స్ కమిషన్ వద్దంది. పత్రికలు వెటకారం చేశాయి. ఆయన వినలేదు. సుమారు 16 వేల డాలర్లతో 1948లో బాల్కనీ పూర్తయింది. ఇరవై డాలర్ల నోటు వెనక ఉన్న వైట్‌హౌస్ బొమ్మని కూడా బాల్కనీ కనిపించేలా మార్చాల్సి వచ్చింది. లోపల దూలాలు విరుగుతుంటే బయట బాల్కనీ కట్టించుకోవడం ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. కానీ ఇల్లు బాగుచేయించే వాళ్లందరూ ముందు కంటికి కనబడేదాంతోనే మొదలుపెడతారు. చెమ్మ పట్టిన గోడకి పుట్టీ పెట్టి రంగేయించని వాళ్లు మనలో ఎంతమంది?

1948 వేసవిలో ట్రూమన్ కూతురు మార్గరెట్ గదిలో పియానో కాలు ఒకటి నేలలోకి దిగబడిపోయింది. కింద భోజనాల గది సీలింగ్ పెచ్చులు ఊడాయి. అప్పటికే ఇంజనీర్ల పరీక్షలు నడుస్తున్నాయి. ప్రభుత్వ భవనాల కమిషనర్ డబ్ల్యూ. ఇ. రేనాల్డ్స్, వైట్‌హౌస్ ఆర్కిటెక్ట్ లొరెంజో విన్‌స్లో గోడలు తెరిపించి చూశారు. బీటలు వారిన దూలాలు, ఇష్టమొచ్చినట్టు తొలిచేసిన ఇటుక గోడలు కనిపించాయి. రెండో అంతస్తు కేవలం అలవాటు కొద్దీ నిలబడి ఉందన్న మాట అప్పుడే పుట్టింది. పడిపోకుండా తాత్కాలికంగా కర్రలు, ఉక్కు పోట్లు పెట్టారు.

అది ఎన్నికల సంవత్సరం. అధ్యక్షుడి ఇల్లు కూలిపోతోందన్న వార్త ప్రచారం మధ్యలో బయటికొస్తే ప్రత్యర్థులకి అంతకన్నా ఏం కావాలి? అసలు సంగతి నవంబర్‌లో ఎన్నికలు అయ్యాకే లోకానికి తెలిసింది. ఓడిపోతాడనుకున్న ట్రూమన్ గెలిచాడు. గెలిచినవాడికి ఉండటానికి ఇల్లు లేదు. కుటుంబంతో సహా రోడ్డుకి అవతలున్న ప్రభుత్వ అతిథి గృహం బ్లెయిర్ హౌస్‌కి మారాడు.

*

ఇక్కడి నుంచి ప్లానింగ్ కథ మొదలవుతుంది.

1949 ఏప్రిల్‌లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసి ఆరుగురితో కమిషన్ వేసింది. ఇద్దరు సెనేటర్లు, ఇద్దరు ప్రతినిధుల సభ సభ్యులు, అధ్యక్షుడు నియమించిన ఇద్దరు. ఆ చివరి ఇద్దరిలో ఒకాయన సివిల్ ఇంజనీరు, ఇంకొకాయన ఆర్కిటెక్ట్. అధ్యక్షత టెనెసీ సెనేటర్ కెనెత్ మెకెల్లర్‌ది. మొత్తం 54 లక్షల డాలర్లకి అనుమతి ఇచ్చారు.

వాళ్ల ముందు మూడు దారులున్నాయి. మొదటిది, మొత్తం కూల్చేసి కొత్తగా కట్టడం. కాంగ్రెస్‌లో కొందరికి ఇదే నచ్చింది, పాతదానికి అతుకులు వేయడం కంటే కొత్తది తక్కువలో తేలుతుందని వాళ్ల వాదన. రెండోది, బయటి గోడల రాళ్లు ఒక్కొక్కటీ విప్పి, నంబర్లు వేసి దాచి, లోపల కొత్త కట్టడం లేచాక మళ్లీ పేర్చడం. మూడోది, బయటి గోడల్ని ఉన్నచోటే నిలబెట్టి, లోపలున్నదంతా తీసేసి, కొత్త ఉక్కు చట్రం నిలబెట్టడం. అన్నిట్లోకీ చిక్కుముడి మూడోదే. కమిషన్ దాన్నే ఎంచుకుంది. ట్రూమన్‌కి కావలసిందీ అదే. చరిత్ర పుస్తకాలు తెగ చదివే మనిషి, ఆ గోడల్ని కూల్చిన అధ్యక్షుడిగా మిగలడం ఆయనకి ఇష్టం లేదు.

ఈ నిర్ణయం వెనక ఒక లెక్క ఉంది. ప్రజలకి తెలిసిన వైట్‌హౌస్ అంటే బయటి రూపమే. నోటు మీదున్నది అదే, పోస్టుకార్డు మీదున్నది అదే. అది మారకుండా ఉంటే ఇల్లు మారలేదని అందరూ ఒప్పుకుంటారు. అంటే ఏది ఇల్లు అన్న ప్రశ్నకి ‘బయటికి కనబడేది’ అన్న జవాబు ఆ రోజే స్థిరపడిపోయింది.

టెండర్లు పిలిచారు. ఫిలడెల్ఫియాకి చెందిన జాన్ మెక్‌షేన్‌కి పని దక్కింది. పెంటగాన్, జెఫర్సన్ మెమోరియల్ కట్టినవాడు. ఆయన కోట్ చేసిన ఫీజు లక్ష డాలర్లు. ఈ ఒప్పందం తీరు తెలుసుకోదగ్గది. మన దగ్గర మామూలుగా మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకి ఇంతని మాట్లాడుకుంటాం, లేదా లేబర్ కాంట్రాక్టు ఇచ్చి సామాను మనమే కొంటాం. అక్కడ సామానుకీ కూలికీ అయ్యే అసలు ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది, కాంట్రాక్టరు ఫీజు మాత్రం ముందే తేల్చేసిన ఒక అంకె. ఖర్చు పెరిగితే ఆయనకి వచ్చేదేం లేదు. గోడ లోపల ఏముందో ఎవరికీ తెలియని పనికి ఇది సబబైన పద్ధతే. కచ్చితమైన మొత్తం రేటు అడిగితే, తెలియని కష్టాలన్నిటికీ కలిపి కాంట్రాక్టరు ముందే పెంచి చెప్తాడు.

*

1949 డిసెంబర్‌లో పని మొదలైంది. లోపలున్నది విప్పడం ఒక పక్క, గోడల కింద కొత్త పునాదులు వేయడం ఇంకో పక్క.

పునాదుల పనికి చాలా ఓపిక కావాలి. అంతటి రాతి గోడ కింద మట్టి ఒకేసారి తవ్వేస్తే గోడ కూలుతుంది. అందుకని గోడల వెంట కొంచెం కొంచెం చొప్పున మొత్తం 126 గుంతలు చేత్తో తవ్వారు. ఒక్కొక్కటీ 20 అడుగులకు పైగా, గట్టి కంకర పొర తగిలేదాకా. ఒక గుంత తవ్వడం, కాంక్రీటు నింపడం, అది గట్టిపడ్డాక దూరంగా ఇంకో గుంతకి వెళ్లడం. ఇలా గోడని నిలబెట్టి ఉంచుతూనే దాని కాళ్ల కింద కొత్త నేల పరిచారు. లోపల దాదాపు 660 టన్నుల ఉక్కుతో చట్రం లేచింది. అదనంగా నేలకింద రెండు అంతస్తులు తవ్వారు. ఇంటినిండా ఏసీ, కొత్త వైరింగ్, కొత్త పైపులు వచ్చాయి.

నేలకింద తవ్వడానికి బుల్డోజరు కావాలి. అది లోపలికి పోవాలంటే గోడకి పెద్ద కన్నం పెట్టాలి. ట్రూమన్ ఒప్పుకోలేదు. చివరికి బుల్డోజరుని ముక్కలుగా విప్పి, ఉన్న దారిలోంచే లోపలికి తీసుకెళ్లి, అక్కడ మళ్లీ బిగించారు. నేషనల్ పార్క్ సర్వీస్ ఫొటోగ్రాఫర్ ఆబీ రో ఈ పని మొత్తాన్ని ఫొటోలు తీశాడు. అందులో ఒకటి బాగా ప్రసిద్ధం. నాలుగు వైపులా కిటికీ కన్నాలున్న గోడలు, మధ్యలో ఉక్కు స్తంభాల అడవి, నేల స్థానంలో బురద, ఆ బురదలో ఒక బుల్డోజరు. అది అమెరికా అధ్యక్షుడి ఇల్లని కింద రాసి ఉంటే తప్ప తెలీదు.

ట్రూమన్ తరచుగా వచ్చి పని చూసుకునేవాడు. దగ్గరుండి చేయించుకోకపోతే పని సాగదన్న సంగతి ఆయనకీ తెలుసు. కానీ ఇంటి పని ఇంటి గొడవలతోనే ఆగదు. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. దాని మీద తొలి సమావేశాలు జరిగింది బ్లెయిర్ హౌస్‌లోనే. యుద్ధంతో ఉక్కు దగ్గర్నుంచి అన్నిటి ధరలూ పెరిగాయి, సామాను దొరకడం కష్టమైంది, పనివాళ్లూ కరువయ్యారు. ఆ ఏడాది నవంబర్ 1న ట్రూమన్‌ని చంపడానికి ఇద్దరు పోర్టోరీకన్ జాతీయవాదులు బ్లెయిర్ హౌస్ మీద దాడి చేశారు. రోడ్డుకి ఆనుకుని ఉన్న ఇల్లు అది. కాపలా ఉన్న పోలీసు లెస్లీ కోఫెల్ట్ కాల్పుల్లో చనిపోయాడు. దాడి చేసినవాళ్లలో ఒకడు కూడా అక్కడే చనిపోయాడు. అధ్యక్షుణ్ణి ఎక్కువకాలం రోడ్డు పక్క ఇంట్లో ఉంచకూడదన్న తొందర ఇంకా పెరిగింది. అణుబాంబు భయంతో నేలకింద షెల్టర్ కట్టే పని కూడా వచ్చి చేరింది. మొదట వేసుకున్న ప్లానులో లేని ఖర్చు, లేని పని, లేని తొందర మూడూ కలిసొచ్చాయి.

*

ఇప్పుడు పోయినవాటి సంగతి.

లోపలి ఇంటిని విప్పేటప్పుడు విన్‌స్లో బృందం పాత తలుపులు, చెక్క పనితనం, గోడల అలంకారాలు, నిప్పుగూళ్ల చట్రాలు వీటిలో ముఖ్యమైనవాటిని జాగ్రత్తగా విప్పి, గుర్తులు వేసి గోడౌన్లలో దాచింది. కొత్త చట్రం పూర్తయ్యాక వాటిని తిరిగి అమర్చాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. అయితే పాత చెక్కని కొత్త గోడ కొలతకి సరిపెట్టడానికి మంచి పనివాళ్లు కావాలి, సమయం కావాలి, డబ్బు కావాలి. ఆ పని వంతు వచ్చేసరికి మూడూ అయిపోవచ్చాయి. పాత దానికి మరమ్మతు చేయడం కంటే అచ్చు పోసి కొత్తది చేయడం తేలికన్నారు. చాలావాటిని అలాగే చేశారు. దాచినవాటిలో చాలా భాగం తిరిగి ఆ ఇంటికి చేరలేదు.

మిగిలిన సామానుతో ఒక జ్ఞాపికల పథకం పెట్టారు. కొద్దిపాటి రుసుము కడితే ఒక పాత మేకు, ఒక రాతిముక్క, చిన్న చెక్కముక్క ఇలా పంపేవాళ్లు. ఇటుకలు కొన్ని అడిగినవాళ్లకి వెళ్లాయి, కొన్ని మౌంట్ వెర్నన్‌కి. రాళ్ల మీద చెక్కినవాళ్లు పెట్టుకున్న గుర్తులు కనిపించినవాటిని ఫ్రీమేసన్ అయిన ట్రూమన్ దేశంలోని మేసన్ సంఘాలకి పంపించాడు. పాత దూలాల పైన్ చెక్కతో కింది అంతస్తులో లైబ్రరీ లాంటి గదుల గోడలకి పలకలు కొట్టారు. ఇవన్నీ పోను మిగిలిన బోలెడంత శిథిలం లారీల్లో వర్జీనియాలోని ఫోర్ట్ మయర్ వంటి చోట్లకి పోయి, పల్లాలు పూడ్చడానికి పనికొచ్చింది.

చివర్లో మిగిలింది ఫర్నిచర్. దానికి కేటాయించగలిగింది సుమారు 2 లక్షల 10 వేల డాలర్లు. ఇంటి మొత్తం ఖర్చు 57 లక్షలు దాటిందని గుర్తుంచుకుంటే, మనుషులు రోజూ కూర్చునే, పడుకునే, తినే వస్తువులకి ఎంత మిగిలిందో తెలుస్తుంది. న్యూయార్క్‌లోని బి. ఆల్ట్‌మన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ లాభం చూసుకోకుండా ఇల్లు అమర్చిపెడతామని ముందుకొచ్చింది. పాత శైలిని అనుకరించిన కొత్త కుర్చీలు, బల్లలు, కర్టెన్లు వచ్చాయి. శుభ్రంగా, పొందిగ్గా, మంచి హోటల్‌లా ఉంది.

1952 మార్చి 27 సాయంత్రం ట్రూమన్ దంపతులు తిరిగి గృహప్రవేశం చేశారు. మే 3న టీవీ కెమెరాలకి ట్రూమన్ స్వయంగా ఇల్లు తిప్పి చూపించాడు. మధ్యలో ఈస్ట్ రూమ్‌లో పియానో ముందు కూర్చుని మోట్సార్ట్ కాసేపు వాయించాడు. ఈసారి నేల కదల్లేదు. ఆ ఇంట్లో ఆయన ఇంకో పది నెలలు కూడా లేడు. 1953 జనవరి 20న పదవీకాలం అయిపోయింది. ఇల్లు బాగుచేయించినవాళ్లకి అందులో ఉండే యోగం అంతంతమాత్రమే అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

*

ఈ పనిని విజయమనాలా? ఇంజనీరింగ్ వరకు సందేహం లేదు. డెబ్భై ఏళ్లు దాటింది, ఆ ఇల్లు గట్టిగానే నిలబడింది. కూల్చి కొత్తది కట్టమన్నవాళ్ల మాట వినకపోవడం వల్లనే ఆ గోడలు ఇవాళ ఉన్నాయి. పని పద్ధతిగా జరిగింది. చట్టం ఉంది, లెక్కలున్నాయి, ప్రతి దశకీ ఫొటోలున్నాయి.

అయినా 1961లో జాక్వెలిన్ కెనెడీ ఆ ఇంట్లోకి వచ్చినప్పుడు ఆమెకి అక్కడ చరిత్ర కనిపించలేదు. దుకాణం నుంచి తెచ్చి అమర్చిన సామాను కనిపించింది. పాత వస్తువుల కోసం దేశమంతా వెతికించింది. వైట్‌హౌస్‌కి ఒక క్యూరేటర్ పదవి, వైట్‌హౌస్ హిస్టారికల్ అసోసియేషన్, అక్కడి వస్తువులకి రక్షణ ఇచ్చే చట్టం, ఈ మూడూ ఆ ఒక్క ఏడాదిలోనే వచ్చాయి. ఏ వస్తువు ఎప్పటిది, ఎక్కడి నుంచి వచ్చింది అని చెప్పగలిగే మనిషిని పెట్టుకోవడం ఇల్లు కట్టిన నూట అరవై ఏళ్లకి గాని జరగలేదు. ఆ మనిషి 1949లో ఉండి ఉంటే అని అనిపించక మానదు.

ట్రూమన్ నాటి లోపం దుర్బుద్ధి వల్ల వచ్చింది కాదు, పనుల వరసలో ఉంది. పునాది ముందు, చట్రం తర్వాత, పైపులు, కరెంటు ఆ తర్వాత, పాత చెక్కని తిరిగి అమర్చడం అన్నిటికన్నా ఆఖర్న. ఇల్లు అలాగే కడతారు, వేరే దారి లేదు. కానీ డబ్బూ సమయమూ కూడా అదే వరసలో ఖర్చయిపోయాయి. ఆఖరి పనికి వేరుగా తీసి, ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టిన మొత్తం ఉండుంటే కథ వేరుగా ఉండేది. దాచి ఉంచుదాం అన్న నిర్ణయానికీ, తిరిగి పెడదాం అన్న నిర్ణయానికీ మధ్య రెండేళ్లు, ఒక యుద్ధం అడ్డమొచ్చాయి. మన ఊళ్లలోనూ ఇంతే. మండువా ఇల్లు విప్పేటప్పుడు టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు కొత్త ఇంట్లో వాడదామనే పక్కన పెడతారు. శ్లాబు పడేసరికి డబ్బులయిపోతాయి. ఆ స్తంభాలు చివరికి ఏ రిసార్టు ముందో తేలతాయి.

ఇంకో సంగతి ఉంది, ఇది ఫర్నిచర్ కంటే బరువైనది. 1790లలో ఆ ఇంటి పనిలో బానిసలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వర్జీనియాలోని అక్వియా క్రీక్ క్వారీలో రాయి తీసినవాళ్లలో, కలప కోసినవాళ్లలో, ఇటుకలు కాల్చినవాళ్లలో వాళ్లున్నారు. అప్పటి చెల్లింపు పట్టీల్లో పీటర్, బెన్, హ్యారీ, డేనియల్ లాంటి ఒంటి పేర్లు కనిపిస్తాయి. ఇంటిపేరు ఉండదు. కూలి వాళ్లకి చేరదు, యజమానికి చేరుతుంది. వాళ్ల గురించి మిగిలిన ఆధారాలు ఆ పట్టీలూ, వాళ్ల చేతులు తగిలిన ఇటుక, చెక్క, రాయి. 1814 మంటల్లో కొంత పోయింది. మిగిలిందాంట్లో ఇంకొంత 1950లో లారీ ఎక్కింది. కమిషన్ ముందున్న మూడు దారుల్లో ఏదీ ఈ మనుషుల్ని తలుచుకుని గీసింది కాదు. బయటి రూపం కోసం ఉంచిన రాతి గోడల్లోనే, ఎవరూ అనుకోకుండా, వాళ్ల పని కూడా మిగిలిపోయింది.

2025 అక్టోబర్‌లో వైట్‌హౌస్ ఈస్ట్ వింగ్‌ని కొత్త బాల్‌రూమ్ కోసం కూల్చేశారు. కూల్చే ముందు ఎవరిని అడగాలి, ఏ సంఘం అనుమతి కావాలి అన్న దాని మీద పెద్ద గొడవ నడిచింది. ట్రూమన్ నాటి పని ఈ గొడవలో పదే పదే ప్రస్తావనకొచ్చింది, రెండు వైపుల వాళ్లూ దాన్నే ఉదాహరణగా చూపించారు. ఆయన అంతకంటే ఎక్కువ కూల్చాడు కదా అని ఒకరు, ఆయన అడిగి కూల్చాడు కదా అని ఇంకొకరు. రెండూ నిజమే.

ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు ఈ కథ నుంచి పట్టుకెళ్లగలిగినవి చిన్నవే. గోడ తీసే ముందు అది ఏం మోస్తోందో తెలిసినవాణ్ణి అడగండి. విప్పే ముందు ఫొటో తీయండి. ఈసారి వేయించిన పైపు ఎటు పోతోందో గీసి, ఆ కాగితం ఇంట్లో ఉంచండి. ఉంచుకోవాలనుకున్నదానికి, దాన్ని తిరిగి పెట్టే ఖర్చు కూడా మొదటి రోజే పక్కన తీయండి. ఏది ఇల్లు అన్న ప్రశ్నని మేస్త్రీకీ, ఇంజనీరుకీ వదిలేయకండి. వాళ్లు చెప్పగలిగింది ఏది నిలబడుతుందన్నది మాత్రమే.

వైట్‌హౌస్ గోడల మీద ఎన్నో పొరలుగా పేరుకున్న పాత రంగుని 1970ల చివరి నుంచి ఏళ్ల తరబడి గీకి తీశారు. ఉత్తరం వైపు ద్వారం కింద ఒక చోట 1814 నాటి మంట మసి రాతికి పట్టి కనిపించింది. దాన్ని కడిగేసి, మిగతా గోడతో పాటు తెల్లరంగు వేయడం ఐదు నిమిషాల పని. వేయలేదు. ఆ కాస్త రాయికి రంగు పడకుండా వదిలేశారు.